పదిహేడో నంబరు

మూతబడ్డ నూనెమిల్లు సామాన్ల హర్రాజుకు
వనపర్తి పోయిన,
కుట్టుమిషన్ కోసమని ఇంట్ల చెప్పి.
అబద్ధం గాదు, మిషన్ గూడ ఉండె.
కాళ్లు తుప్పు, చక్రం బాగు.
దర్జీ ఆశన్న తొమ్మిదొందలకు పాడి
భుజం మీదేసుకుని పోయిండు.

నేను ఆగింది పదిహేడో నంబరు కోసం.

బ్యాంకోల్ల కాయితంల దాని పేరు
‘చెక్క డబ్బా ఒకటి, లోపల చుట్టలు, పాతవి.’
గంతే.
మూత మీద రంగు పోయిన రాణి బొమ్మ,
కింద హవానా అని సగం చెరిగిన అక్షరాలు.
పాట పాడే వెంకోబ తెరిచి ముక్కు ముడిసిండు:
‘తాగుతరా, ఎలుకల బొర్రల పెడ్తరా,
మీ ఇష్టం, నూరు రూపాయలు!’
అందరు నవ్విండ్రు.
గప్పుడే ఆ వాసన
మంది కాళ్ల సందుల నుంచి నా దాంక నడిసొచ్చింది:
వానకు తడిసి ఎండిన జీను,
సందూకు అడుగున పట్టుచీర,
కొంచెం గానుగ బెల్లం.

నూటయాభై, పాత ఇనుము సలీం.
ఆయనకు డబ్బా గావాలె, మేకులేసుకోను.
రెండొందలు, నేను.
అప్పటిదాంక గోడగడియారాలు చూస్తున్న
పట్నం అద్దాలాయన ఇటు తిరిగి
‘వెయ్యి’ అన్నడు.
పోయినేడు గద్వాల కోర్టు హర్రాజుల గూడ
గీయననే నా చేతిలకెల్లి ఒక డబ్బా గుంజుకున్నడు.
గీసారి ఇడువలె.
రెండు వేల మూడొందల కాడ
ఆయన రుమాలు తీసి అద్దాలు తుడుసుకున్నడు.
మూడోసారి! అన్నడు వెంకోబ.
నా మోకాళ్లు నావి గానట్టు ఊగినయి.

కొత్తకోట బస్సుల ఒళ్లె పెట్టుకుని లెక్కబెట్టిన.
ఇరవై ఐదు పట్టే డబ్బా. ఇరవై ఒకటున్నయి.
సేఠు ఎప్పుడు కాల్చిండో ఆ నాలుగు.
కొడుకు పుట్టిన్నాడా, పల్లికాయ రేటు పడ్డనాడా,
బ్యాంకోల్లు మొదటిసారి తలుపు గొట్టిన రాత్రా.
తారీఖులేం రాయలె.
మూత లోపల పెన్సిల్ తోటి ఒకటే లెక్క:
పదమూడు క్వింటాళ్లు, తరుగు పోను.

పాలమూరు గాలి సంగతి మీకెరుక.
మనిషి పెదిమలనే పలగ్గొడ్తది,
యాభై ఏండ్ల ఆకునిడుస్తదా?
కొత్త రంజను తెచ్చిన.
అడుగున తడిపిన ఇటుకబెడ్డ, మీద జాలి,
జాలి మీద డబ్బా.
బోరు ఎండింది. ట్యాంకర్ రెండ్రోజులకొకసారి.
బిందెలు లెక్కబెట్టుకునే ఇంట్ల
మూడు నెలలు పొగకు నీళ్లు పోసిన,
గుట్టుగ, అరగ్లాసు, అరగ్లాసు.
మా అనసూయ చూసింది. ఏమనలె.
ఒకనాడు నేను మర్చిపోతే తనే పోసింది.

మొదటి గాలివాన వచ్చి పోయిన సాయంత్రం
దాబా మీద కూసుని ఒకటి తీసిన.
వేళ్ల నడుమ తిప్పితే సప్పుడు రాలె, మెత్తగ కుంగింది.
సూదిమొనంత బొర్రలు రెండు,
పురుగు నాకన్న ముందే రుచి జూసింది.
అగ్గిపుల్లలు మూడయినయి.

మొదలు ఏం లేదు.
నిజంగనే ఏం లేదు, వేడిగాలి.
రెండు వేల మూడొందలు కండ్ల ముంగట తిరిగినయి.
సగం దాంక ఓపిక పడ్తే
నాలుక అంచున, ఎక్కడ్నో,
పక్కింట్ల ఎవరో నువ్వులు ఏంచుతున్నట్టు.
ఇదీ అని పేరు పెట్టేలోపల పోయింది.

పక్క దాబా మీద మిరపకాయలెత్తుతున్న మొగులమ్మవ్వ
వాసనకు పిట్టగోడ దాంక వచ్చింది.
అరవై ఏండ్లసంది తన చుట్ట తనే చుట్టుకునే మనిషి.
చెయ్యి సాపింది, ఇచ్చిన.
ఒక్క దమ్ము గుంజి, కండ్లు మూసి
శానాసేపు పొగ ఇడువలె.
‘ఇది సచ్చిపోయింది కొడుకా,’ అన్నది.
‘గని మంచిగ సచ్చిపోయింది.
పంచాయితి లేకుంట.’

‘ఎంతకు తెస్తివి?’
నూరు, అన్న.
‘నూరా! మోసపోయినవ్ పో,’ అని
మిగిలిన సగాన్ని గోడకు రాసి ఆర్పి,
చెవి మీద పెట్టుకుని,
మిరపకాయల గంపతోటి మెట్లు దిగిపోయింది.